తెలుగు పాట, ఒడియా లిపి: ఏ అరలో పెట్టాలి?

పర్లాకిమిడి

చి. అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

మన తెలుగు సంఘం గదిలోని పుస్తకాలు, ఫొటోలు, పాత కాగితాలు అన్నీ సర్ది కంప్యూటర్లో ఎక్కించే పని నీకు అప్పగించారని మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషం. మన ఆంధ్ర-ఒడిశా సరిహద్దు ఊళ్లలో తెలుగువాళ్ల జ్ఞాపకాలు ఇలాంటి గదుల్లోనే ఉన్నాయి. వాటిని సర్దడం చిన్న పని కాదు. లైబ్రరీ ఉద్యోగంలోనే జుట్టు నెరిసినవాణ్ని కాబట్టి నాకు తెలిసింది వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ఫోల్డర్ల పేర్లు చూశాను. తెలుగు, ఒడియా, పాత ఫొటోలు, పెళ్లిళ్లు, బరంపురం, ఇతరాలు. ఒక్క నిమిషం ఆగి చూడు. మొదటి రెండూ భాషలు. మూడోది వస్తువు రూపాన్నీ వయసునీ కలిపి చెబుతోంది. నాలుగోది సందర్భం, అయిదోది ఊరు. బరంపురంలో ఎప్పుడో జరిగిన ఒక తెలుగువాళ్ల పెళ్లి ఫొటో వస్తే ఎందులో వేస్తావు? ఎందులో వేసినా మిగతా వాటిలో వెతికేవాడికి అది దొరకదు. నాలుగింట్లోనూ కాపీలు పెడితే, రేపు ఒక కాపీలో పేరు దిద్ది మిగతావి మర్చిపోతాం. ఎటూ తేలనివన్నీ 'ఇతరాలు'లో పడతాయి. చివరికి అన్నిటికంటే పెద్ద ఫోల్డరు అదే అవుతుంది. ఇందులో నీ లోపమేమీ లేదు. ఒక వస్తువుకి ఒకే చోటు ఉండాలని పట్టుబట్టే ఏ పద్ధతికైనా ఇదే గతి.

అందుకని 'ఇది ఎక్కడికి చెందుతుంది?' అనే ప్రశ్న పక్కన పెట్టు. దాని బదులు ప్రతి వస్తువునీ కొన్ని చిన్న ప్రశ్నలు విడివిడిగా అడుగు. ఇది ఏ రూపంలో ఉంది? ఏ భాష? ఏ లిపి? దేని గురించి? ఏ ఊరు? ఏ కాలం? ఎవరికి సంబంధించింది? కంప్యూటరు షీట్‌లో ఒక్కో ప్రశ్నకి ఒక్కో గడి. లైబ్రరీ శాస్త్రంలో ఒక్కో ప్రశ్ననీ ఫాసెట్ అంటారు, మనం కోణం అనుకుందాం. జవాబులన్నీ నింపాక, వెతికేవాళ్లు ఏ కోణం నుంచి వచ్చినా ఆ వస్తువు దొరుకుతుంది.

ఈ పద్ధతిని ప్రపంచానికి ఇచ్చింది మన దక్షిణాది మనిషే. ఎస్.ఆర్. రంగనాథన్ గారు లెక్కల మాస్టారు. 1924లో మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ అయ్యి, లైబ్రరీ చదువు కోసం లండన్ వెళ్లారు. అప్పటికి ఎక్కువగా నడుస్తున్నది 1876 నాటి డ్యూయీ దశాంశ పద్ధతి. అందులో విషయాలన్నిటికీ ముందే నంబర్లు వేసి ఉంటాయి, వచ్చిన పుస్తకాన్ని వాటిలో ఒకదాని కింద కూర్చోబెట్టాలి. తెలుగు సాహిత్యమంతా 894.827 కిందికి వస్తుంది. రంగనాథన్ గారికి ఇది ఇరుకుగా తోచింది. లండన్‌లో సెల్‌ఫ్రిజెస్ అనే పెద్ద దుకాణంలో పిల్లలు బిగించి ఆడుకునే మెకానో సెట్టు చూశారు. అవే రేకు ముక్కలు, అవే బోల్టులు, కలిపే తీరుని బట్టి ఒకసారి క్రేన్, ఒకసారి బండి. విషయాలని కూడా ఇలా ముక్కలుగా ఉంచుకుని పుస్తకం వచ్చినప్పుడు కలుపుకోవచ్చు కదా అనిపించింది ఆయనకి. ఆ ఆలోచనే 1933లో కోలన్ క్లాసిఫికేషన్‌గా అచ్చయింది. అప్పటికి మన పర్లాకిమిడి కూడా మద్రాసు ప్రెసిడెన్సీలోదే.

ఏ విషయాన్నైనా చూడ్డానికి ఆయన చెప్పిన మూల కోణాలు అయిదు: ముఖ్యమైన వస్తువు, అది దేంతో తయారైంది, దాని మీద జరిగే పని, చోటు, కాలం. నీ ఫొటోల్లో మగ్గం ముందు కూర్చున్న ఆయన ఫొటో ఉంది చూడు, వెనక '1950ల్లో, బరంపురం' అని రాసి ఉన్నది. వస్తువు చీర, సరుకు పట్టు, పని నేత, చోటు బరంపురం, కాలం 1950లు. అయిదూ విడివిడిగా రాశావంటే నేత గురించి అడిగేవాళ్లకీ, పట్టు గురించి అడిగేవాళ్లకీ, బరంపురం చరిత్ర రాసేవాళ్లకీ అదే ఫొటో అందుతుంది. చీర అంచు కనబడుతోంది కాబట్టి 'ఫోడా కుంభ' అని కూడా ఎక్కించు. బరంపురం పట్టుకి ఆ గోపురాల అంచే గుర్తు, దాని పేరుతోనే వెతుకుతారు.

ఆయన అయిదుని నువ్వు ఉన్నదున్నట్టు పాటించక్కర్లేదు. మన గదికి ఏ కోణాలు కావాలో మన గదే చెబుతుంది. ముందే కూర్చుని పట్టిక రాసుకోకుండా, వేరువేరు బీరువాల నుంచి ఓ ముప్పై వస్తువులు తీసి బల్ల మీద పరుచు. ఒక పుస్తకం, ఒక శుభలేఖ, ఒక శిస్తు రసీదు, ఒక తాటాకు కట్ట, ఒక నాటకం కరపత్రం, ఒక పాటల నోట్‌బుక్. ఒకదానికీ ఇంకోదానికీ తేడా ఎక్కడుందో చూసుకుంటూ పో. ఆ తేడాలే నీ కోణాలు. ఏడెనిమిది దాటితే నింపేవాళ్లకి విసుగొచ్చి సగం గడులు ఖాళీగా వదిలేస్తారు.

మన ప్రాంతంలో అందరూ జారిపడే చోటు ఒకటుంది. భాషనీ లిపినీ ఒకే గడిలో రాస్తారు. విజయవాడలో అయితే ఏమో గానీ మన దగ్గర ఇది అస్సలు కుదరదు. మీ నాయనమ్మ మంగళహారతుల నోట్‌బుక్ గుర్తుందా? పాటలన్నీ తెలుగు, రాసింది ఒడియా అక్షరాల్లో. ఒడియా బడిలో చదువుకుని ఇంట్లో తెలుగు మాట్లాడిన వాళ్ల చేతిరాతలు ఇలాంటివి ఇంటింటా ఉన్నాయి. దాన్ని 'ఒడియా'లో వేస్తే తెలుగు పాటలు వెతికేవాడికి పోయినట్టే. 'తెలుగు'లో వేస్తే తీసి చదవబోయిన కుర్రాడు బిక్కమొహం వేస్తాడు. భాష: తెలుగు, లిపి: ఒడియా. రెండు గడులు, గొడవ తీరింది.

మన కొండల్లోని సవరల భాష దగ్గరికొస్తే ఇది ఇంకా ముఖ్యం. గిడుగు రామమూర్తి పంతులు గారు మన పర్లాకిమిడిలో పంతులుగా పనిచేస్తూనే సవర నేర్చుకున్నారు. తెలుగు అక్షరాల్లో సవర వాచకాలు తయారు చేశారు, 1931లో ఇంగ్లీషులో సవర వ్యాకరణం అచ్చు వేయించారు. 1936లో మంగెయి గొమాంగో గారు సవరకి సొరంగ్ సొంపెంగ్ అనే సొంత లిపి తయారు చేశారు. ఒడియా లిపిలోనూ, ఇంగ్లీషు లిపిలోనూ సవర రాసేవాళ్లున్నారు. ఒకే సవర పాట నాలుగు లిపుల్లో నీ చేతికి రావచ్చు. లిపిని బట్టి సర్దితే అది నాలుగు బీరువాల్లోకి చెదిరిపోతుంది. భాష గడిలో 'సవర' అని ఉంటే నాలుగూ ఒక్క నొక్కుతో పక్కపక్కన చేరతాయి. గుణుపురం వైపు నుంచి ఎవరైనా సవర పిల్లవాడు వచ్చి తన భాషలో ఏముందని అడిగిన రోజున మన గది జవాబు చెప్పగలగాలి. నా కోరిక అది.

ఊరు విషయానికి వస్తే ఒక గడి సరిపోదు. బరంపురంలో అచ్చయిన శుభలేఖలో పెళ్లి పలాసలో జరిగి ఉంటుంది. 'జరిగిన ఊరు' వేరు, 'అచ్చయిన ఊరు' వేరు. ఇక జిల్లా ఉందే, అది కదిలే సరుకు. పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లా. ఆ తర్వాత ఒరిస్సా గంజాం జిల్లా. 1992 అక్టోబర్ 2 నుంచి గజపతి జిల్లా. ఇచ్ఛాపురం అదే పాత గంజాం నుంచి విశాఖపట్నం జిల్లాకి పోయి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. కాబట్టి ఎప్పుడూ ఊరి పేరే ఆధారం చేసుకో. ఇవాళ్టి జిల్లా ఇంకో గడిలో రాయి. కాగితం మీద అచ్చయిన పేరు అక్షరం మార్చకుండా మూడో గడిలో ఎక్కించు. బరంపురం, బ్రహ్మపురం, బెర్హంపూర్, అన్నీ ఒకే ఊరని కంప్యూటరుకి తెలియదు. ఊళ్లకి ఒక పట్టిక చేసి, ఊరి గడిలో రాయడానికి ఒక్క రూపమే ఖాయం చెయ్యి. మిగతావి దాని పక్కన మారుపేర్లుగా ఉంచు. నలుగురు పిల్లలు కలిసి ఎక్కిస్తుంటే నాలుగు స్పెల్లింగులు తయారవుతాయి, అందుకే టైపు చేయనివ్వకుండా పట్టిక లోంచి ఎంచుకునేలా పెట్టు. షీట్‌లో ఆ సదుపాయం ఉంది.

కాలం దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. శిస్తు రసీదుల మీద ఫసలీ, అంటే శిస్తు లెక్కల ఏడాది, ఉంటుంది. మద్రాసు ఫసలీకి 590 కలిపితే అది మొదలైన ఇంగ్లీషు ఏడాది వస్తుంది, లెక్క జూలై 1 నుంచి. ఫసలీ 1345 అంటే 1935 జూలై నుంచి 1936 జూన్ దాకా. ఆ ఒక్క ఫసలీ మధ్యలోనే మన ఊరు ఒరిస్సాలోకి వచ్చింది. మార్చి రసీదు మద్రాసు కాలానిది, మే రసీదు ఒరిస్సా కాలానిది. శుభలేఖల మీద ధాత నామ సంవత్సరం అని మాత్రమే ఉంటే అది 1876 కావచ్చు, 1936 కావచ్చు, 1996 కూడా కావచ్చు. కాగితం, అచ్చు తీరు, మనుషుల పేర్లు చూసి తేల్చాలి. ఒడియా తాటాకుల మీద రాజుగారి అంకం, అంటే ఆయన ఏలుబడి ఏళ్ల లెక్క, కనబడితే తొందరపడి లెక్క కట్టకు. అంకాల్లో 6తో ముగిసేవీ, 10 తప్ప సున్నాతో ముగిసేవీ వదిలేస్తారు. పదిహేడో అంకం అంటే పదిహేడో ఏడు కాదు. తెలిసినవాళ్లకి చూపించాక ఎక్కించు. ఉన్న తేదీ ఉన్నట్టుగా ఒక గడిలో, మనం తేల్చిన ఇంగ్లీషు ఏడాది ఇంకో గడిలో ఉండాలి. రేపెవరైనా మన లెక్క సరిచూడాలంటే అసలు తేదీ కావాలి కదా.

బీరువాల గురించి టెన్షన్ పడకు. వస్తువు ఒకచోటే ఉంటుంది, దాని వివరాలే నలుగురికీ అందుబాటులో ఉంటాయి. వచ్చిన వరసలో నంబరు వేసి, అదే వరసలో అరలో పెట్టేయి. తాటాకులూ ఫొటోలూ మాత్రం విడిగా ఉంచు, వాటికి కావలసిన జాగ్రత్త వేరు. రీడర్లు చేత్తో తిరగేసే పుస్తకాలు మాత్రం విషయం ప్రకారమే ఉంచు. ఒకే గడిలో రెండు జవాబులుంటే మధ్యలో సెమీకోలన్ పెట్టు. వెతికి చూసినా తెలియకపోతే 'తెలియదు' అని రాయి. ఖాళీ గడి అంటే ఇంకా చూడలేదని అర్థం. ఈ రెండూ కలిసిపోతే చేసిన పనే మళ్లీ చేయాల్సి వస్తుంది.

ఇంటిపేరుకి ఒక కోణం తప్పకుండా ఉండాలి. మన గదికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగేది విషయం కాదు, 'మా ఇంటిపేరు వాళ్లవి ఏమైనా ఉన్నాయా, మా తాతగారి ఊరివి ఏమైనా ఉన్నాయా' అనే. బల్ల మీద ఒక నోట్‌బుక్ పెట్టి, వచ్చినవాళ్లు అడిగింది వాళ్ల మాటల్లోనే రాయించు. కొన్ని నెలలు పోయాక ఏ కోణం పనికొస్తోందో, ఏది దండగో అదే చెబుతుంది.

కులం గడి పెట్టమని కమిటీలో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వద్దని గట్టిగా చెప్పు. వృత్తి రాయి, నేత, కంచరం, కొమ్ము పని, అది చరిత్ర. మనుషుల్ని కులం బటన్‌తో వడపోసే ఏర్పాటు మన చేతుల మీదుగా జరగకూడదు. బతికున్నవాళ్ల ఆస్తి కాగితాలు కూడా అందరికీ కనబడే పట్టికలో పెట్టకు, వాళ్లని అడిగాకే.

నాటకాల కరపత్రాలతో మొదలుపెట్టు. వాటి మీద ఊరూ, తేదీ, మనుషుల పేర్లూ అన్నీ అచ్చయి ఉంటాయి, చెయ్యి తిరుగుతుంది. తాటాకులు ఆఖరికి. ఊళ్ల పట్టిక ముసాయిదా తయారవగానే నాకు ప్రింటు తీసి పంపు, ఫోన్లో కళ్లకి ఆనడం లేదు. కాశీనగర్, పాతపట్నం వైపు పాత పేర్లు తెలిసిన పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. వాళ్ల దగ్గర కూర్చుని దిద్దించి పంపుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న