సిదెమెన్‌లో ఇల్లు సరే, తొమ్మిది నెలల ఖర్చు చేతిలో ఉందా?

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నెలకు 1.45 లక్షలు చేతికి వస్తాయి. ఫ్లాటు రుణానికి నెలకు 42 వేలు కడుతున్నాను, ఇంకా 11 ఏళ్లు కట్టాలి. భార్య ఉద్యోగం మానేసింది, పాప ఏడో తరగతి, అమ్మ మా దగ్గరే ఉంటుంది. రెండేళ్ల క్రితం బాలి వెళ్లినప్పుడు సిదెమెన్ అనే పల్లెలో వారం రోజులు ఉన్నాం. అక్కడ 4 ‘ఆరె’ల స్థలం (ఒక ఆరె అంటే వంద చదరపు మీటర్లు) 25 ఏళ్ల లీజుకు వస్తోంది. లీజుకు 32 లక్షలు, రెండు గదుల ఇంటికి 20 లక్షలు అవుతుంది. ఫ్లాటు మీద టాప్-అప్ రుణం 35 లక్షలు, వ్యక్తిగత రుణం 10 లక్షలు తీసుకుని, మ్యూచువల్ ఫండ్లలోని 9 లక్షల్లో 7 లక్షలు తీద్దామనుకుంటున్నాను. మేము లేనప్పుడు పర్యాటకులకు అద్దెకిస్తే కిస్తీలు అందులోంచే వెళ్లిపోతాయని అక్కడి మధ్యవర్తి చెప్పాడు. బ్యాంకులో 1.9 లక్షలు ఉన్నాయి, ఇంటి ఖర్చు నెలకు 55 వేలు. స్థలం ఫొటోలు జత చేశాను. ముందుకు వెళ్లమంటారా?

జవాబు: వద్దు. మీరు పంపిన ఫొటోలు చూశాక ఈ మాట చెప్పడం నాకూ కష్టంగానే ఉంది. అయినా వద్దు.

నాకు వచ్చిన ఉత్తరాల్లో మీదే ఎంచుకున్నది బాలి కోసం కాదు. షాద్‌నగర్ వైపు ఫామ్ ప్లాటు కొనేవారూ, ఊళ్లో పాత ఇంటిని పడగొట్టి డాబా వేసేవారూ చేసే తప్పు మీ లెక్కలో మరింత స్పష్టంగా కనిపిస్తోంది. ఉన్నదంతా వెనక్కి తీసుకోలేని చోట పెట్టడం, చాలనిదానికి అప్పు తేవడం, రేపు ఏదైనా జరిగితే చూసుకుందాంలే అనుకోవడం.

కిస్తీల లెక్క చూడండి. 35 లక్షల టాప్-అప్‌కు 10 శాతం వడ్డీతో 15 ఏళ్లకు నెలకు దాదాపు 37,600 అవుతుంది. వ్యక్తిగత రుణానికి 13 శాతం చొప్పున అయిదేళ్లకు దాదాపు 22,750. ఇప్పుడు కడుతున్న 42 వేలు కలిపితే నెలకు లక్షా రెండు వేలు దాటుతుంది. మిగిలే 42 వేల చిల్లరతో నలుగురు బతకాలి, పాప ఫీజు కట్టాలి, అమ్మగారి మందులు కొనాలి. మీరే రాసిన ప్రకారం ఇంటి ఖర్చు 55 వేలు. అంటే అద్దె రాని ప్రతి నెలా 12 వేలకు పైగా లోటు. మీ 1.9 లక్షలు ఏడాదిన్నరలోపే హరించుకుపోతాయి. అదీ ఉద్యోగం ఉంటేనే.

అద్దె వస్తుందిగా అంటారేమో. 2020 ఏప్రిల్ నుంచి 2021 అక్టోబరు వరకు బాలికి విదేశీ పర్యాటకులు దాదాపు రాలేదు. ఆ ఏడాదిన్నర ఆగకుండా పెరిగింది అప్పు మీద వడ్డీ ఒక్కటే. సిదెమెన్ ఉన్నది కరంగసెమ్ జిల్లాలో, అగుంగ్ అగ్నిపర్వతం ఉన్నదీ అక్కడే. మీ రెండో ఫొటోలో వరి మళ్ల వెనుక నీలంగా కనిపిస్తున్న కొండ అదే. 1963లో అది పేలి వెయ్యిమందికి పైగా చనిపోయారు. 2017లో మళ్లీ కదిలినప్పుడు చుట్టుపక్కల ఊళ్లనుంచి లక్షమందికి పైగా ఖాళీ చేసి వెళ్లారు. ఆ నవంబరు చివర్లో విమానాశ్రయం కూడా మూతపడింది. అలాంటప్పుడు నలుగురికి హోటలు, మారిన టికెట్లు, అవసరమైతే ఆస్పత్రి అడిగే ముందస్తు డిపాజిట్ ఎక్కడి నుంచి తెస్తారు? క్రెడిట్ కార్డు అని మాత్రం చెప్పకండి.

అందుకే నేను ఎన్నిసార్లయినా చెప్పే మాట అత్యవసర నిధి. మీ ఇంటి ఖర్చు, ఇప్పటి కిస్తీ కలిపి నెలకు 97 వేలు. ఇద్దరు సంపాదిస్తుంటే ఆరు నెలలు చాలేది. మీ ఇంట్లో జీతం ఒక్కటే, అదీ సాఫ్ట్‌వేర్ జీతం, కాబట్టి తొమ్మిది నెలలకు సరిపడా ఉండాలి. సుమారు 8.7 లక్షలు. మీరు మాత్రం ఉన్న 9 లక్షల ఫండ్లలోంచి 7 లక్షలు తీసి లీజులో పెడతానంటున్నారు. ఇంటి పునాది రాళ్లు తీసి ప్రహరీ కట్టినట్టు ఉంటుంది. ఆ ఫండ్లలోంచి 6.8 లక్షలు లిక్విడ్ ఫండ్‌లోకి (కావాలన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో తీసుకోగల ఫండ్), ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి మార్చండి. బ్యాంకులో ఉన్నదానితో కలిపి నిధి నిండుతుంది. డిపాజిట్‌ను మీ భార్యతో జంట పేరున వేయండి, మీరు ఆస్పత్రిలో ఉన్నా ఆవిడ తీయగలగాలి.

లీజు భూమి ఈ నిధికి ఎందుకు ప్రత్యామ్నాయం కాదో కూడా చెప్పాలి. ఇండోనేషియా 1960 భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, అంటే హక్ మిలిక్, ఆ దేశ పౌరులకే. ‘హక్’ అంటే మన హక్కే, రెండు భాషలకూ అరబీ నుంచి వచ్చిన మాట. మీకు దక్కేది ఆ హక్కు కాదు, పాతికేళ్ల గడువు మాత్రమే. గడువు తీరాక భూమితో పాటు మీ ఇల్లూ భూ యజమానిదే. ఏటేటా విలువ తరిగే ఈ కాగితాన్ని మన బ్యాంకు ఏదీ తాకట్టు పెట్టుకోదు. అత్యవసరమని సగం గది అమ్మడమూ కుదరదు. డ్రైవరు పేరు మీద భూమి కొని రహస్య ఒప్పందం రాసుకుందామని మధ్యవర్తి రెండో దారి చెప్పాడని రాశారు. ఆ మాట అక్కడితో మరిచిపోండి. అలాంటి బదిలీ చెల్లదనీ, భూమి ప్రభుత్వానికి పోతుందనీ అదే చట్టం 26వ సెక్షన్ చెబుతోంది.

అప్పు విషయంలో ఇంకా కోపం తెప్పించిన సంగతి, టాప్-అప్ దరఖాస్తులో ‘ఇంటి మరమ్మతులు’ అని రాయమని మీ స్నేహితుడిచ్చిన సలహా. విదేశంలో ఆస్తి కోసం పంపే సొమ్ముకు బ్యాంకులు అప్పు ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అబద్ధపు కారణం రాసి సంతకం చేసేది మీరు, స్నేహితుడు కాదు. పైగా ఒకే ఆర్థిక సంవత్సరంలో 52 లక్షలు పంపితే 10 లక్షలు దాటిన మొత్తంపై 20 శాతం టీసీఎస్ (సొమ్ము పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను), అంటే 8.4 లక్షలు అదనంగా కట్టాలి. పన్ను లెక్కలో అది సర్దుబాటవుతుంది, నిజమే. అంతవరకు ఆ డబ్బు ఎవరిస్తారు? మీ లెక్కలో ఆ వరుసే లేదు. ఆ ఆస్తిని ఏటా రిటర్నులో చూపించకపోతే 10 లక్షల జరిమానా పడవచ్చు.

అద్దె వ్యాపారం సంగతి: పర్యాటక వీసా మీద అది చేయకూడదు. విదేశీయులు అక్కడ కంపెనీ పెట్టాలంటే పెట్టుబడి ప్రణాళిక వెయ్యి కోట్ల రుపియాలకు పైనే ఉండాలి, మన లెక్కలో అయిదు కోట్ల పైచిలుకు. మీ స్థాయికి ఆ దారి లేదు.

మళ్లీ మీ ఫొటోల దగ్గరకు వస్తాను. మూడోదాంట్లో స్థలానికి వెళ్లే దారి పొలం గట్టే, స్కూటరు పట్టేంత వెడల్పు. తలమీద ఇసుక తట్టతో ఒకామె నడుస్తోంది. లారీ రాని చోట ఇంటి ఖర్చు 20 లక్షల దగ్గర ఆగదు. గట్టు పక్కన కాలువ, మడి మూల చిన్న గుడి ఉన్నాయి. ఆ నీరు సుబక్ అనే రైతు సంఘానిది, శతాబ్దాలుగా వాళ్లే పంచుకుంటున్నారు. 2012లో యునెస్కో గుర్తించింది ఆ వ్యవస్థనే. కాలువను జరపడానికి మీకు అధికారం ఉండదు. ఊరి వార్డు లాంటి ‘బంజర్’ను అడగకుండా ఏ పనీ మొదలుపెట్టలేరు. ఆ స్థలం కట్టడాలు నిషేధించిన పచ్చ మండలంలో లేదని రాతపూర్వకంగా చూడకుండా ఎవరికీ పైసా ఇవ్వకండి. బయానా కూడా.

మీకు కావలసింది ఆ పల్లెలో పొద్దులు గడపడమైతే, అద్దెకు ఉండండి. మన వేసవి సెలవుల నాటికి అక్కడ వానలు తగ్గుముఖం పడతాయి. వీసా మనిషికి 5 లక్షల రుపియాలు, అంటే 2,700 రూపాయల దాకా. 30 రోజులు ఉండవచ్చు, మరో 30 రోజులు పొడిగించుకోవచ్చు. బాలి పర్యాటక రుసుము మరో లక్షన్నర రుపియాలు. ప్రయాణ బీమాలో ద్విచక్ర వాహన ప్రమాదం ఉందో లేదో చదవండి, చెల్లే లైసెన్సు లేకుండా స్కూటరు నడిపితే క్లెయిము రాదు. ఉద్యోగంతో ముడిపడని సొంత ఆరోగ్య బీమా, టర్మ్ పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

మధ్యవర్తి ఈ నెలాఖరులోగా తేల్చమన్నాడని రాశారు. గడువు దాటనివ్వండి. అత్యవసర నిధి నిండాక ఆ డిపాజిట్ రసీదు, లిక్విడ్ ఫండ్ స్టేట్‌మెంటు నాకు పంపండి. అప్పటికీ ఆ స్థలం మీ మనసులో ఉంటే, అప్పు లేకుండా ఎన్నేళ్లలో ఆ సొమ్ము కూడుతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.