ఆయన ‘కోతి’ కాదు... మరి అప్పుల మాటేంటి?

ప్రశ్న: నేను 1998 మే 4న పుట్టాను. ఈమధ్యే నిశ్చితార్థం అయింది. ఆయన పుట్టింది 1992 జనవరి 28. ఏ చిన్న గొడవైనా రెండు మూడు రోజులు మాట్లాడటం మానేస్తారు. యాప్‌లో చూస్తే నాది వృషభం, ఆయనది కుంభం, కుదరదని ఉంది. చైనా లెక్కలో నేను పులి, ఆయన కోతి, అస్సలు పడదట. మొన్న మంగళవారం రాత్రి ‘అప్పులేమైనా ఉన్నాయా?’ అని అడిగాను. జవాబు లేదు. శుక్రవారం పొద్దున ‘తిన్నావా?’ అని మెసేజ్ పెట్టారు. పెళ్లి వాయిదా వేయాలనుంది, ఏ కారణం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: ముందు ఆ కోతి సంగతి తేల్చేద్దాం. చైనా పద్ధతిలో ఏడాదికో జంతువు. ఎలుక, ఎద్దు, పులి, కుందేలు, డ్రాగన్, పాము, గుర్రం, మేక, కోతి, కోడిపుంజు, కుక్క, పంది, మళ్లీ ఎలుక. అయితే ఆ ఏడాది జనవరి 1న మొదలవదు. అమావాస్యను బట్టి జనవరి 21కీ ఫిబ్రవరి 20కీ మధ్య ఎప్పుడో వస్తుంది. 1992లో కోతి సంవత్సరం మొదలైంది ఫిబ్రవరి 4న. ఆయన అంతకు వారం ముందే పుట్టేశారు కాబట్టి మేక కిందికి వస్తారు. ఈ వరుసలో సరిగ్గా ఎదురెదురుగా ఉన్నవాటికి ముఖ్యంగా పడదంటారు. పులికి ఎదురు కోతి. మేకతో అంత వైరమూ లేదు, గొప్ప స్నేహమూ లేదు.

ఇది చదివి గుండె తేలికపడిందా? పడితే ఒక్క నిమిషం ఆగండి. జంతువు మారిందే గానీ, మంగళవారం నుంచి శుక్రవారం దాకా ఆయన నోరు విప్పని మాట మారలేదు.

మీ యాప్ చూసే పాశ్చాత్య పద్ధతి వేరు. సూర్యుడు ఏడాదిలో చుట్టివచ్చే దారిని మార్చి విషువత్తు (పగలూ రాత్రీ సమానమయ్యే రోజు) దగ్గర మొదలుపెట్టి, 30 డిగ్రీల చొప్పున పన్నెండు భాగాలు చేశారు. కుంభానికీ వృషభానికీ 90 డిగ్రీల ఎడం, దాన్ని ఘర్షణగా చెబుతారు. పైగా రెండూ స్థిర రాశులు, పట్టు వదలని రకం. అంటే ఆ పద్ధతి లెక్కన మీ యాప్ తప్పేమీ చెప్పలేదు. కాకపోతే ఆ జ్యోతిషం చెప్పేవాళ్లు కూడా చంద్రుణ్ణీ, లగ్నాన్నీ చూడకుండా పొంతన తేల్చరు. నా మటుకు నాకు ఇవన్నీ సరదా కబుర్లే. 1948లో బెర్‌ట్రమ్ ఫోరర్ అనే మనస్తత్వవేత్త ‘ఇది నీ స్వభావం’ అంటూ విద్యార్థులందరికీ ఒకే కాగితం పంచాడు. అందులో వాక్యాలు చాలావరకు జ్యోతిషం పుస్తకంలోంచి ఏరినవే. ఎంత బాగా సరిపోయిందో మార్కులు వేయమంటే సగటున 5కి 4.26 వేశారు! ‘కుంభం వాళ్లు మనసు విప్పరు’ లాంటి మాట, గొడవయ్యాక ఎవరికైనా అతుకుతుంది.

నన్ను కలవరపెట్టింది వేరే. ఆయన మౌనం పట్టినప్పుడు మీరు యాప్ తెరుస్తున్నారు. కుంభం కదా, అంతే అని అది సర్దిచెబుతుంది. ఆయన్ని అడగాల్సిన ప్రశ్న అక్కడే ఆగిపోతోంది. ఆయనకూ హాయే, జవాబు చెప్పే పని తప్పింది.

అలాగని నమ్మకాలను తీసిపారేయను. జపాన్‌లో 1966 ‘అగ్ని గుర్రం’ సంవత్సరం. ఆ ఏడు పుట్టిన ఆడపిల్ల భర్తకు చేటన్న భయంతో అంతకు ముందు ఏడాదికన్నా జననాలు దాదాపు పావు వంతు తగ్గాయి. భయం నిజమో కాదో గానీ, దాని పేరుతో తీసుకున్న నిర్ణయాలు మాత్రం నిజమే. మీరూ రాశుల పేరు చెప్పి వాయిదా వేస్తే, అసలు కారణం ఆయన దాకా చేరదు.

గొడవ లేని రోజు చూసి ఎదురుగా కూర్చుని మాట్లాడండి, ఫోన్‌లో వద్దు. ‘కోపంలో మాట్లాడకపోయినా ఫర్వాలేదు, ఫలానా రోజు మాట్లాడతానని మాత్రం చెప్పండి’ అనండి. తర్వాత అప్పుల మాట. ముందు మీ జీతం, మీ బాకీలు చెప్పి, ఆయనవి అడగండి: మొత్తం ఎంత, ఎవరికి, నెలకు ఎంత కట్టాలి. కావాలంటే వారం గడువివ్వండి. చెబితే, అప్పు పెద్దదైనా ఇద్దరూ కూర్చుని ఆలోచించుకోవచ్చు. మళ్లీ దాటవేస్తే వాయిదా వేయండి, రెండు ఇళ్లలోనూ కారణం అదేనని చెప్పండి. అడిగినందుకు బెదిరించినా, చెయ్యెత్తినా ఆ గడువు కూడా అక్కర్లేదు. అదే రోజు మీ ఇంట్లో చెప్పేయండి.