సమాధానం: జిమ్నోపెడీలో మారింబా ఫ్లూట్‌ను మింగేయకుండా

జిమ్నోపెడీని మీ బృందానికి అమర్చితే మారింబా (కర్ర పలకల వాద్యం) రోల్స్‌లో, అంటే స్వరాన్ని ఆపకుండా వేగంగా కొట్టడంలో, ఫ్లూట్ వినిపించడం లేదన్నారు కదండీ, ఆ రోల్స్ పూర్తిగా తీసేయండి. ఫ్రెంచ్ స్వరకర్త ఎరిక్ సాటీ 1888లో పియానోకు రాసిన ఈ మొదటి జిమ్నోపెడీలో కార్డ్ (కలిసి పలికే స్వరాల గుంపు) మోగి మెల్లగా ఆరిపోవడమే అందం. రోల్ చేస్తే ఆ ఆరిపోవడం పోతుంది.

ఆ కార్డ్‌లను వైబ్రఫోన్‌కు (లోహపు పలకల వాద్యం) ఇవ్వండి. మొదటి బార్‌లోని బి, డి, ఎఫ్ షార్ప్ స్వరాలు దానికి హాయిగా అందుతాయి. మెత్తటి మ్యాలెట్లు (కొట్టే పుల్లలు) వాడండి, స్వరాన్ని వణికించే మోటార్ ఆపేయండి. కొత్త కార్డ్ పడే క్షణంలోనే మోతను నిలిపే పెడల్ మార్చాలి, ముందే వదిలితే ఖాళీ వినిపిస్తుంది. ఆ కార్డ్ కింద వచ్చే మంద్ర స్వరం 'జి' మీ 4.3 ఆక్టేవ్‌ల మారింబాలో లేదు, దాని కింది హద్దు 'ఏ' స్వరం దగ్గరే ఆగిపోతుంది. ఆ జిని మీ బసూన్‌కు (మంద్ర స్థాయి ఊదే వాద్యం) ఇవ్వండి.

మెలడీ దిగి ఎఫ్ షార్ప్ మీద నాలుగు బార్లు నిలిచేచోట ఫ్లూట్ పలచబడుతుంది. అక్కడ క్లారినెట్ అందుకోవాలి. బి ఫ్లాట్ క్లారినెట్ రాసినదానికన్నా ఒక పూర్తి స్వరం కింద మోగుతుంది కాబట్టి దాని పార్ట్‌లో జి షార్ప్ అని రాయడం మరవకండి.