రోమ్‌కి రేవైన చివిటావెక్కియాలో మా షిప్ ఒక్క పగలే ఆగుతుంది. షిప్ వాళ్ల టూర్‌కి మరీ ఎక్కువ అడుగుతున్నారు, అది తీసుకోకుండా రోమ్ వెళ్లి రావచ్చా? వీసా ఇంకా వెయ్యలేదు.

వెళ్లి రావచ్చండి, భయం అక్కర్లేదు. కానీ మీరు రాసిన లిస్టు (కొలోసియం, వాటికన్ మ్యూజియం, ట్రెవీ ఫౌంటెన్, స్పానిష్ స్టెప్స్, కాస్త షాపింగ్) ఒక్క రోజులో అవదు. అందులోనూ డెబ్బైకి దగ్గరపడ్డ అమ్మానాన్నలు, పదేళ్ల పాప వెంట ఉన్నారు. ఉదయం 7కి వచ్చి సాయంత్రం 7కి వెళ్లిపోతుందంటే పన్నెండు గంటలు చేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. రోమ్‌లో మీకు నికరంగా మిగిలేది అయిదున్నర గంటలు.

ఈ లెక్క చివరి నుంచి మొదలుపెట్టాలి. షిప్ 7కి కదులుతుందంటే ఆల్ అబోర్డ్ (అందరూ షిప్ ఎక్కేయాల్సిన గడువు) 6:30కి ఉంటుంది, కొన్ని షిప్పుల్లో 6కే. అది షిప్ గడియారం ప్రకారం. ఒక్కోసారి షిప్ టైమ్, ఊరి టైమ్ వేరుగా ఉంటాయి కాబట్టి దిగే ముందు ఫోన్‌ను షిప్ గడియారంతో సరిచూసుకోండి. నేనైతే 5 గంటలకల్లా పోర్టు దగ్గర ఉండాలంటాను. అంటే 4:15 ప్రాంతంలో చివిటావెక్కియా స్టేషన్‌లో దిగాలి, 3:30 లోపే రోమ్‌లో రైలెక్కాలి. ముందు ఆ రైలు ఏదో చూసి పెట్టుకోండి, తర్వాతే మిగతా రోజంతా ప్లాన్ చెయ్యండి. దాని వెనకొచ్చే రైలు ఉంది కదా అని ఇంకో అరగంట తిరగొద్దు. అది ఏదైనా తేడా వస్తే ఆదుకోవడానికి.

మేం అత్తయ్యగారు, మామయ్యగారితో వెళ్లినప్పుడు తిరుగు రైలు దారిలో చాలాసేపు ఆగిపోయింది. మైకులో ఇటాలియన్‌లో ఏదో చెబుతున్నారు, మాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అదే పెట్టెలో మా షిప్ వాళ్లే ఇంకో కుటుంబం ఉంది, పాపం వాళ్ల ముఖాల్లో నెత్తురు చుక్క లేదు. మా చేతిలో ఇంకా రెండు గంటలు ఉన్నాయి కాబట్టి అత్తయ్యగారు హాయిగా కునుకు తీశారు. నేను ఇంత గట్టిగా చెప్పడానికి కారణం అదే.

పైగా షిప్ వాళ్లు తాము అమ్మిన టూర్ ఆలస్యమైతే ఆగుతారు, సొంతంగా వెళ్లినవాళ్ల కోసం ఆగరు. తప్పిపోతే తర్వాతి పోర్టుకి మన ఖర్చుతో మనమే చేరుకోవాలి. రోజూ క్యాబిన్‌కి ఇచ్చే కాగితంలో పోర్ట్ ఏజెంట్ (ఆ రేవులో షిప్ కంపెనీ తరఫు మనిషి) నంబర్ ఉంటుంది, దాన్ని ఫోటో తీసి ఉంచుకోండి. టూర్‌కి అంత ఎక్కువ తీసుకుంటున్నారేంటి అన్నారు కదా, అందులో సగం ఈ భరోసాకే. మధ్యే మార్గం ఇంకోటుంది: చాలా షిప్పుల్లో గైడ్ లేకుండా రోమ్‌కి బస్సు మాత్రమే అమ్ముతారు. పొద్దున దింపి సాయంత్రం ఎక్కించుకుంటారు. పెద్దవాళ్లకి స్టేషన్ నడకలు కష్టమనిపిస్తే అది తీసుకోండి, డబ్బు దండగ కాదు.

రైలే అనుకుంటే దారి ఇలా. షిప్ దిగగానే ఉచిత షటిల్ బస్సు పోర్టు బయట లార్గో డెల్లా పాచే దగ్గర దింపుతుంది. అక్కణ్నుంచి స్టేషన్‌కి ఇరవై నిమిషాల నడక, ఊరి బస్సు కూడా ఉంటుంది. రీజనల్ (దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే మామూలు) రైలు టికెట్ మనిషికి సుమారు 5 యూరోలు. కాగితం టికెట్ కొంటే ఎక్కే ముందే ప్లాట్‌ఫారం దగ్గరున్న మెషీన్‌లో ముద్ర వేయించుకోవాలి, లేకపోతే టికెట్ ఉన్నా ఫైన్ వేస్తారు. ఎక్కువ రేటున్న ఇంటర్‌సిటీ రైలు జోలికి పోవద్దు. అది రోమ్‌లో మీరు దిగాల్సిన సాన్ పియెట్రో స్టేషన్‌లో ఆగదు. రీజనల్ ముప్పావుగంటలో అక్కడ దింపుతుంది.

ఇక రోమ్‌లో ఒక వైపే ఎంచుకోండి. పెద్దవాళ్లతో అయితే నా ఓటు వాటికన్ వైపుకే. సాన్ పియెట్రో స్టేషన్ నుంచి పావుగంట నడిస్తే సెయింట్ పీటర్స్ చౌరస్తా వచ్చేస్తుంది. చర్చి లోపలికి టికెట్ లేదు, సెక్యూరిటీ క్యూ మాత్రం పొద్దెక్కేకొద్దీ పెరుగుతుంది. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు వేసుకోవాలి, పాపకి కూడా. లోపలికి వెళ్లగానే కుడి చేతి వైపు అద్దం వెనక మైకెలాంజెలో చెక్కిన పియెటా (ఏసు దేహాన్ని ఒడిలో పెట్టుకున్న మేరీ శిల్పం) ఉంటుంది. ఇరవై నాలుగేళ్ల వయసులో, 1499లో దాన్ని పూర్తి చేశాడు. 1972లో ఒకడు సుత్తితో దాడి చేశాక ఆ అద్దం పెట్టారు. జనం గుంపుగా ముందుకెళ్లిపోతూ దాన్ని వదిలేస్తారు, మీరు వదలొద్దు. మ్యూజియం మాత్రం ఈసారికి మానుకోండి. సిస్టీన్ చాపెల్ దాకా వెళ్లి బయటపడేసరికి మీ పూట అయిపోతుంది, అమ్మగారి కాళ్లూ అయిపోతాయి.

అక్కణ్నుంచి టాక్సీలో పాత రోమన్ గుడి పాంథియాన్‌కి వెళ్లండి. నన్నడిగితే రోమ్‌లో ఒక్కటే చూడగలిగితే చూడాల్సింది అదే. హేడ్రియన్ చక్రవర్తి కాలంలో, సుమారు 1900 ఏళ్ల కింద కట్టింది. గుమ్మటం వ్యాసం 43.3 మీటర్లు, నేల నుంచి పైకి ఎత్తు కూడా అంతే. లోపల ఇనుము లేదు, ఒట్టి కాంక్రీటు. అలాంటి గుమ్మటాల్లో ఇప్పటికీ ప్రపంచంలో ఇదే పెద్దది. మా మామయ్యగారు సివిల్ ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. అడుగున బరువైన రాయి, పైకి పోయేకొద్దీ తేలికైన రాయి, నడినెత్తిన నీళ్లలో తేలే ప్యూమిస్ కలిపారని, గోడ మందం కూడా పైకి తగ్గుతూ పోతుందని ఆయన తల ఎత్తి చూపిస్తుంటే పక్కనున్న వేరేవాళ్లు కూడా ఆగి పైకి చూశారు. పైన నడిమధ్య కన్నులాంటి గుండ్రటి కంత తెరిచే ఉంటుంది. వానొస్తే లోపల పడుతుంది, నేల కొంచెం వాలుగా ఉండి సన్నటి రంధ్రాల్లోంచి నీళ్లు పోతాయి. పాపకి ఆ రంధ్రాలు వెతికే పని అప్పజెప్పండి. లోపలికి టికెట్ ఉంది, పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకి లేదు.

పాంథియాన్ నుంచి ట్రెవీ పది నిమిషాల నడక. ట్రెవీకి మరీ పక్కనే తినకుండా రెండు సందులు దాటి తినండి. స్పానిష్ స్టెప్స్ మెట్లే కాబట్టి వదిలెయ్యండి. తిరిగి టాక్సీలో సాన్ పియెట్రోకే వెళ్లండి. రోమ్ పెద్ద స్టేషన్ టెర్మినిలో ఎక్కితే సీటు గ్యారంటీగా దొరుకుతుంది కానీ ఆ ప్లాట్‌ఫారాలు స్టేషన్ చివర ఎక్కడో ఉంటాయి, ప్రయాణం కూడా అరగంట ఎక్కువ.

మీరు వెళ్లేది బుధవారమైతే ఈ ప్లాన్ మార్చుకోవాలి. ఆ పొద్దున పోప్ దర్శనం ఉంటే చర్చిలోకి వెళ్లనివ్వరు. అప్పుడు ఒస్టియెన్సె స్టేషన్‌లో దిగి, పక్కనే ఉన్న పిరమిడె మెట్రోలో రెండు స్టేషన్లు వెళ్తే కొలోసియం. దానికి టైమ్ స్లాట్ టికెట్లు ముందే కొనాలి, పేర్లు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. అదే టికెట్ మీద పక్కనే ఉన్న పాత రోమన్ శిథిలాలు, ఫోరం కూడా చూడొచ్చు కానీ రాళ్ల దారి ఎగుడుదిగుడు.

వారం ముందు నుంచి రైల్వే సమ్మె వార్తలు చూస్తూ ఉండండి. ఇటలీలో సమ్మెలు ముందే ప్రకటిస్తారు. పనిరోజుల్లో సమ్మె ఉన్నా ఉదయం 6 నుంచి 9, సాయంత్రం 6 నుంచి 9 మధ్య కొన్ని రైళ్లు కచ్చితంగా నడుస్తాయి. మీరు వెళ్లడానికి అవి పనికొస్తాయేమో గానీ రావడానికి పనికిరావు. ఆ రోజు సమ్మె అంటే షిప్ వాళ్ల బస్సే తీసుకోండి. లేదా రోమ్ ఆలోచనే మానేసి టాక్సీలో 20 కిలోమీటర్ల దూరంలోని తార్క్వీనియాకి వెళ్లండి. రోమన్ల కంటే ముందున్న ఎట్రుస్కన్ల సమాధులు అక్కడున్నాయి. లోపల గోడల మీద విందులు, నాట్యాలు, చేపలవేట బొమ్మలు రెండున్నర వేల ఏళ్లయినా రంగు పోకుండా ఉన్నాయి. 2004లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఒక్కో సమాధిలోకి మెట్లు దిగాలి, నాన్నగారు పైనే కూర్చుంటానన్నా పాపని తీసుకుని మీరు దిగండి.

వీసా ఇంకా వెయ్యలేదన్నారు కాబట్టి ఒక మాట. మీ షిప్ దారిలో టర్కీ ఉందేమో చూసుకోండి. అది షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల కూటమిలో) లేదు. అక్కడికి వెళ్లి మళ్లీ గ్రీస్‌కో ఇటలీకో వస్తే అది రెండో ప్రవేశం కింద లెక్క. నలుగురికీ మల్టిపుల్ ఎంట్రీ అడగండి, అప్లికేషన్‌కి షిప్ రూట్ కాగితం జతచెయ్యండి.