చమురు, ఖనిజాల అన్వేషణలో పరిశోధన సంస్థలతో పనేంటి?

ఎక్కడ తవ్వాలో తేల్చడం ఒక్క కంపెనీ వల్ల అయ్యే పని కాదు. కృష్ణా-గోదావరి బేసిన్‌నే చూడండి. సముద్రంలోకి ధ్వని తరంగాలు పంపితే, కొన్నిచోట్ల సముద్రపు నేలకు సమాంతరంగా ప్రతిధ్వని గీత ఒకటి కనిపిస్తుంది. దాని పైపొరల్లో గ్యాస్ హైడ్రేట్, అంటే మంచులో చిక్కుకున్న మీథేన్, ఉండొచ్చని సూచన. (గీత ఉన్నంత మాత్రాన సరుకు ఉన్నట్టు కాదు.) ఇలాంటి డేటాను హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఏళ్లుగా విశ్లేషిస్తోంది. 2006లో మన సంస్థలు, అమెరికా భూగర్భ సర్వే సంస్థ కలిసి జాయిడిస్ రిజల్యూషన్ నౌకతో తవ్వితే, ఒకచోట దాదాపు 130 మీటర్ల మందాన హైడ్రేట్ తగిలింది. తీరా చూస్తే అది బంకమట్టి పగుళ్లలో ఉంది, గ్యాస్ లాగడం కష్టం. అందుకే 2015లో జపాన్ నౌక చిక్యూతో, గ్యాస్ తేలిగ్గా లాగగలిగే ఇసుక పొరలు వెతుక్కుంటూ మళ్లీ వెళ్లారు. నా లెక్కలో ఆ మొదటి తవ్వకం వృథా కాదు.