ల్యాబ్ వాసన పడదు, కెమిస్ట్రీ మాత్రం కావాలి!

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ ఎంపీసీ సెకండియర్. కెమిస్ట్రీ అంటే ప్రాణం, ల్యాబ్‌లో యాసిడ్ వాసన మాత్రం పడదు. కంప్యూటేషనల్ కెమిస్ట్ అవుతానంటోంది. బంధువులేమో ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు చేయించి ఉద్యోగంలో పెట్టమంటున్నారు. ఏం చేయమంటారు?
- ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: మంచి రంగమేనండీ, కానీ తొందరగా జీతం చేతికొచ్చే దారి కాదు. ఎమ్మెస్సీ రెండేళ్లు, ఆపైన పీహెచ్‌డీకి ఇంచుమించు ఐదేళ్లు. పరిశోధన ఉద్యోగాలకు ఎక్కువగా పీహెచ్‌డీ వాళ్లనే తీసుకుంటారు. ఆమె సంపాదన మీ ఇంటికి వెంటనే అవసరమైతే ఆ మాట ఇప్పుడే చెప్పేయండి. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు రూ.37,000, తర్వాత రూ.42,000 వస్తాయి కాబట్టి పీహెచ్‌డీ ఖర్చు మీ మీద పడదు.

మందుల కంపెనీలో కంప్యూటేషనల్ కెమిస్టుల పని ఏమిటంటే, జబ్బుకు కారణమైన ప్రొటీన్‌లో ఏ అణువు చక్కగా ఇముడుతుందో కంప్యూటర్‌లో లెక్కగట్టి, వేలల్లోంచి ఏ పదో పాతికో ఏరి ల్యాబ్ వాళ్లకివ్వడం. వాళ్లు తయారుచేసి పరీక్షిస్తే చాలావరకు పనిచేయవు. ఎందుకు పనిచేయలేదో మళ్లీ వెతకాలి. రోజులో చాలా భాగం ఇన్‌పుట్ ఫైళ్లు, ఎర్రర్లు, సర్వర్‌లో మన లెక్క వంతు కోసం ఎదురుచూపులతోనే గడుస్తుంది. ప్రొటీన్ కదలికను చూసే మాలిక్యులర్ డైనమిక్స్‌లో లెక్కలో ఒక్కో అడుగు మామూలుగా 2 ఫెమ్టోసెకన్లు (సెకనులో లక్ష కోట్లవ వంతు, అందులో మళ్లీ వెయ్యో వంతు ఒక ఫెమ్టోసెకన్). ఒక్క మైక్రోసెకన్ (సెకనులో పది లక్షల వంతు) చూడాలంటే 50 కోట్ల అడుగులు! బాగా కచ్చితమైన క్వాంటమ్ పద్ధతుల్లో ఒకటైన సీసీఎస్‌డీ(టీ)లో అణువు సైజు రెట్టింపైతే లెక్క భారం దాదాపు 128 రెట్లవుతుంది. అందుకే ఎంత కచ్చితత్వంతో సరిపెట్టుకోవచ్చో తెలియాలి. అది కోడింగ్ నేర్పదు, కెమిస్ట్రీ నేర్పుతుంది. ల్యాబ్ తప్పించుకోవడానికే అయితే ఇటు రావద్దనండి. ఎమ్మెస్సీలోనూ ప్రాక్టికల్స్ ఉంటాయి.

ఏఐ వచ్చింది కదా అంటారేమో. 2024 కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ప్రొటీన్ ఆకారాన్ని ఊహించే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐని తయారుచేసినవాళ్లకే దక్కింది. అది చెప్పిన ఆకారాన్ని ఎంతవరకు నమ్మాలో తేల్చడానికి మనిషి కావాలి.

ఎంపీసీ కావడం ఆమెకు కలిసొచ్చింది. లీనియర్ ఆల్జీబ్రా, డిఫరెన్షియల్ ఈక్వేషన్లు వదలొద్దు, పైథాన్, లినక్స్ మొదలుపెట్టమనండి. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ అనే ప్రవేశ పరీక్షలు రాయాలి. (హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో ఈ రంగానికే బీటెక్, ఎంఎస్ కలిపిన కోర్సుంది, కానీ అది ఇంటర్ పిల్లలకు.) ఉద్యోగాల కోసం దూరం పోనక్కర్లేదు. హైదరాబాద్‌లో మందుల కంపెనీలు, కాంట్రాక్ట్ రీసెర్చ్ సంస్థలు ఉన్నాయి, ఇలాంటి లెక్కలకు సాఫ్ట్‌వేర్ తయారుచేసే ష్రోడింగర్ కంపెనీకీ ఆఫీసుంది. బ్యాటరీలు, క్యాటలిస్టుల పరిశోధనలోనూ వీళ్లు కావాలి.

ముందు ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ప్రొటీన్‌లో అణువు ఎలా ఇముడుతుందో లెక్కగట్టే ఆటోడాక్ వీనా సాఫ్ట్‌వేర్ ఉచితం, మామూలు ల్యాప్‌టాప్ చాలు. ప్రొటీన్ల నిర్మాణాలు దాచిన ప్రొటీన్ డేటా బ్యాంక్ వెబ్‌సైట్ నుంచి నొప్పి, వాపులకు సంబంధించిన కాక్స్ ఎంజైమ్ నిర్మాణం దించుకుని, అందులో నొప్పి మాత్ర ఐబుప్రొఫెన్ ఎలా కూర్చుంటుందో చూడమనండి. ఎర్రర్లొచ్చినా విసుక్కోకుండా కూర్చుందంటే జామ్‌కు సిద్ధం చేయండి. దరఖాస్తులు సాధారణంగా సెప్టెంబరులో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఫైనలియర్‌లో ఉండగానే రాయొచ్చు.