ఎఫ్ ఓ జి లెక్కలో బ్రాకెట్ వదిలేస్తే జరిగేది

మీ లెక్క: ఎఫ్(ఎక్స్) = 3ఎక్స్ − 5, జి(ఎక్స్) = 2ఎక్స్ + 4. ఎఫ్ ఓ జి, అంటే జి ఇచ్చిన జవాబును ఎఫ్‌లో వేస్తే, మీకు 6ఎక్స్ − 1 వచ్చింది, పుస్తకంలో 6ఎక్స్ + 7 ఉంది. పుస్తకమే కరెక్ట్. ఇంటర్ మొదటి సంవత్సరంలో నేనూ సరిగ్గా ఇదే తప్పు చేశాను. అది ఎక్కడ దొర్లిందో నాకు ఉల్లిగడ్డల లెక్కలో తెలిసింది.

మాది కర్నూలు దగ్గర పల్లె. ఒకసారి నాయన మార్కెట్ యార్డు నుంచి వచ్చి లెక్క చూసుకుంటున్నాడు. సంచికి 50 కిలోలు, లోడు మొత్తంలో కుళ్లినవి 20 కిలోలు తీసేశారు. కిలో 15 రూపాయలు, బండి బాడుగ 800. నేను దాన్ని సంయుక్త ప్రమేయంగా, అంటే ఇలా ఒకదాని జవాబును ఇంకోదాంట్లో వేసే లెక్కగా రాశాను. జి సంచులను కిలోలు చేస్తుంది: 50ఎక్స్ − 20. ఎఫ్ ఆ కిలోలను రూపాయలు చేస్తుంది: 15ఎక్స్ − 800. రెండూ కలిపి 750ఎక్స్ − 820 అని తేల్చాను. 10 సంచులకు 6,680.

నాయన వేళ్ల మీద లెక్కేసి, "480 కిలోలకు 7,200. బాడుగ పోతే ఆరువేల నాలుగు నూర్లే కదమ్మా" అన్నాడు.

280 రూపాయలు ఎక్కడ తేడా వచ్చిందా అని చాలాసేపు చూశాను. కుళ్లిన 20 కిలోలకు 20 × 15, అంటే 300 రూపాయలు పోవాలి. నేను 20 రూపాయలే తీశాను. కిలోలను తీసుకెళ్లి రూపాయల్లోంచి తీసేశానన్నమాట! 15(50ఎక్స్ − 20) − 800 అని బ్రాకెట్ పెట్టి ఉంటే 750ఎక్స్ − 1,100 వచ్చేది.

మీరూ 3తో 2ఎక్స్‌ను గుణించి 4ను గుణించకుండా వదిలేశారు. జి మొత్తాన్ని బ్రాకెట్‌లో పెట్టండి: 3(2ఎక్స్ + 4) − 5 = 6ఎక్స్ + 12 − 5 = 6ఎక్స్ + 7.

వరస కూడా ముఖ్యం. ఎఫ్ ఓ జి లో కుడివైపున్న జి ముందు పనిచేస్తుంది. జి ఓ ఎఫ్ అయితే 2(3ఎక్స్ − 5) + 4 = 6ఎక్స్ − 6. రెండింటిలోనూ ఎక్స్ గుణకం 6 రావడం మామూలే, 3 × 2 అన్నా 2 × 3 అన్నా ఒకటే కదా. స్థిరపదం, అంటే ఎక్స్ లేని అంకె మాత్రం చాలాసార్లు మారుతుంది. మా ఉల్లి లెక్కలో జి ఓ ఎఫ్ రాస్తే సంచులు ఉండాల్సిన చోట రూపాయలు పెట్టినట్టే, దానికి అర్థమే ఉండదు.

పరీక్షలో టెన్షన్‌గా ఉంటే ఎక్స్ = 1 వేసి చూడండి. జి(1) = 6, ఎఫ్(6) = 13. 6ఎక్స్ + 7లో 13 వస్తుంది, మీ 6ఎక్స్ − 1లో 5 వస్తుంది.